గుహలో దాగిన వాక్యాలు: ఒక ఇంటి ఆట చరిత్రకు ఆధారమైన తీరు

చారిత్రక ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. గత యాభై ఏళ్ల చరిత్రకు వీటితోపాటు మరొక ఆధారం చేరింది. అది కంప్యూటర్ ప్రోగ్రామ్. ఒక తండ్రి తన కూతుళ్ల కోసం రాసిన ఆటను ఈ భాగంలో ఉదాహరణగా తీసుకుందాం. అందులో దాగిన పాఠం ఆటగాడికి ఎలా బయటపడేదో, ఆ ఆట తొలి పాఠం పరిశోధకులకు ఎలా దొరికిందో తెలుసుకుందాం.

ఆ తండ్రి పేరు విల్ క్రౌథర్. అమెరికాలో ఆర్పానెట్ అనే తొలి కంప్యూటర్ల వలకు ప్రోగ్రాములు రాసిన బృందంలో ఆయన ఒకరు. ఆయన, భార్య పాట్రీషియా గుహాన్వేషకులు కూడా. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహకు, పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకు మధ్య లోపలి దారి ఉందని 1972లో కనుగొన్న బృందంలో పాట్రీషియా ఉన్నారు. తర్వాత ఆ దంపతులు విడిపోయారు. తన దగ్గరకు వచ్చినప్పుడు కూతుళ్లు సంతోషంగా ఆడుకోవాలని క్రౌథర్ 1975-76 కాలంలో ఒక ఆట తయారుచేశారు. దానికి తాను బాగా ఎరిగిన గుహనే రంగస్థలంగా తీసుకున్నారు. అదే 'అడ్వెంచర్'. తర్వాతి కాలంలో 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' అన్న పేరుతో కూడా ప్రసిద్ధికెక్కింది.

ఈ ఆటలో బొమ్మలు లేవు. ఉన్నవన్నీ వాక్యాలే. ఫోర్‌ట్రాన్ భాషలో, పీడీపీ-10 కంప్యూటర్ మీద రాసిన ఈ ప్రోగ్రామ్‌కు తోడుగా ఒక దత్తాంశాల ఫైలు ఉండేది. గుహలోని ప్రతి చోటుకూ ఒక సంఖ్య, ఒక వర్ణన అందులో ఉండేవి. ఎక్కడి నుంచి ఏ మాట టైపు చేస్తే ఎక్కడికి చేరుతారో తెలిపే పట్టిక కూడా ఉండేది. ఆటగాడు ఒకటి రెండు ఆంగ్ల పదాలు టైపు చేస్తే, ప్రోగ్రామ్ పట్టిక చూసి తగిన వాక్యాన్ని అచ్చువేసేది. పదంలోని మొదటి 5 అక్షరాలనే అది గుర్తించేది. పీడీపీ-10 మెమరీలో ఒక గడికి 36 బిట్లు. 7 బిట్ల అక్షరాలు అందులో అయిదే పడతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పాఠమంతా ముందే ఫైలులో ఉన్నా, ఆటగాడు సరైన పని చేసేదాకా అది కనిపించదు. దీపం వెలిగించకుండా చీకటి గదిలోకి వెళితే వర్ణనకు బదులు హెచ్చరిక మాత్రమే వస్తుంది. గుహలో ఒకచోట రాసి ఉన్న 'ఎక్స్ వై జెడ్ జెడ్ వై' అనే మంత్రపదాన్ని టైపు చేస్తే ఆటగాడు క్షణంలో మరో చోటికి చేరుతాడు. పుస్తకంలో పేజీ తిప్పితే చాలు. ఇక్కడ మాత్రం పాఠకుడు అడిగితేనే పాఠం బయటికి వస్తుంది.

స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న డాన్ వుడ్స్‌కు 1976లో ఈ ఆట కంటపడింది. రచయిత చిరునామా తెలియక, ఆర్పానెట్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ 'క్రౌథర్' పేరిట సందేశం పంపి, చివరికి అనుమతి పొందారు. ఆటను విస్తరించి, డ్రాగన్ వంటి పాత్రలను, మార్కుల పద్ధతిని చేర్చి 1977లో విడుదల చేశారు. లోకానికి బాగా తెలిసింది ఈ విస్తృత ప్రతే. అందువల్ల క్రౌథర్ చేసింది కేవలం గుహ నమూనా అనీ, కల్పన అంతా వుడ్స్‌దేననీ చాలాకాలం చెప్పుకున్నారు. తొలి ప్రతి పోయిందనుకున్నారు గనుక ఈ మాటను సరిచూసే వీలు లేకపోయింది.

స్టాన్‌ఫర్డ్‌లో వుడ్స్ ఖాతాకు భద్రపరచిన పాత నకళ్లలో క్రౌథర్ మూలప్రతి దొరికింది. పరిశోధకుడు డెన్నిస్ జెర్జ్ దానిని పరిశీలించి 2007లో వ్యాసం ప్రచురించారు. మరుగుజ్జులు, గొడ్డలి, మంత్రపదం ఆ ప్రతిలోనే ఉన్నాయి. అంటే కల్పనకు నాంది పలికింది క్రౌథరే. జెర్జ్ కెంటకీ గుహలోకి కూడా వెళ్లి, ఆటలోని వర్ణనలను అసలు చోట్లతో పోల్చి చూశారు.

దీని నుంచి మీరు గ్రహించవలసినవి రెండు. మొదటిది, ప్రచారంలో ఉన్న ప్రతిని బట్టి మూలకర్త కృషిని నిర్ణయించరాదు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాన్ని పరిష్కరించే పండితుడికి వర్తించే నియమమే ప్రోగ్రామ్‌కూ వర్తిస్తుంది. రెండవది, ఎవరో ఒకరు నకలు దాచకపోతే ఈ చర్చ తేలేదే కాదు. కాగితం చెదలుపట్టినా కొంత మిగులుతుంది. చెరిపేసిన ఫైలుకు ఆ అవకాశం చాలా తక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉన్న ఒక ఫైలును ఎంచుకోండి. యాభై ఏళ్ల తర్వాతి చరిత్రకారుడికి అది ఏ విషయానికి ఆధారం కాగలదు? అప్పటిదాకా అది నిలవాలంటే ఇప్పుడు ఏం చేయాలి? పది వాక్యాలలో రాయండి.