రూపాబాయి చేతికొచ్చిన క్లోరోఫాం

మా మత్తు విభాగంలో కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నేను మొదట చెప్పే పేరు రూపాబాయి ఫర్దూంజీ. పాతబస్తీ గల్లీల్లోంచి, తండాల్లోంచి, ఇంటికి మొదటి డాక్టరుగా వచ్చిన అమ్మాయిలకైతే పట్టుబట్టి మరీ చెబుతాను. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆవిడే అంటారు. ఆవిడ పనిచేసింది హైదరాబాద్‌లో మూసీ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న ఆసుపత్రుల్లోనే.

హైదరాబాద్ వైద్య పాఠశాల 1846లో, నాలుగో నిజాం కాలంలో మొదలైంది. ఆడపిల్లలు అందులో అడుగుపెట్టడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1885లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాళ్ళను చేర్చుకున్నారు. ఆ కొద్దిమందిలో పార్సీల అమ్మాయి రూపాబాయి ఒకరు. 1889లో హకీం అనే వైద్య పట్టా అందుకున్నారు. పరదాలో ఉండే ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు రావడానికే జంకే ఊళ్ళో ఆ పట్టా ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

సీటు ఇవ్వడం వేరు, పని చేతికివ్వడం వేరు. లారీని నేను గౌరవించేది రెండోదానికి. ఆయన పద్ధతిలో మత్తుకు క్లోరోఫాం ఇవ్వాలంటే గట్టి గుడ్డను శంకులా చుట్టి, లోపల కొసన కాస్త దూది పెట్టి, దాని మీద మందు పోసి రోగి ముఖం మీద పట్టుకోవాలి. గాలి ఆడాలి. చూపంతా ఊపిరి మీదే ఉండాలి. నాడి చూస్తూ కూర్చుంటే ఊపిరి తేడా పట్టుకోలేమని ఆయన పాఠం. ఎడింబరోలో గురువు జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్నదే అది. శంకు పట్టుకున్న మనిషి ఒక్క క్షణం ఏమారితే ప్రాణం పోతుంది. ఆ చోట ఆయన తన శిష్యురాలిని నిలబెట్టారు.

రూపాబాయి ఇంకా విద్యార్థిగా ఉండగానే ప్రపంచ వైద్యుల వాదమొకటి హైదరాబాద్ చేరింది. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది గుండెనా, ఊపిరా? 1888లో లారీ వేసిన కమిషన్ ఊపిరేనంది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి, 1889లో లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. వందల కుక్కలు, కోతుల మీద ప్రయోగాలు చేసి రెండో కమిషన్ కూడా ఊపిరే అని తేల్చింది. సభ్యుల్లో నిజాం కొలువులోని డాక్టర్ రుస్తుంజీ హకీం ఉన్నారు. ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

అది నన్ను గుచ్చుతుంది. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు, రాత్రుళ్ళు మేలుకుని కేసులు రాసిపెట్టిన పేపరొకటి నా పేరు లేకుండానే అచ్చయింది. అందుకే మా దగ్గర పని మొదలుపెట్టే రోజే ఎవరి పేరు ఎక్కడ ఉండాలో రాసి సంతకాలు చేస్తాం.

లారీ తేల్చినదంతా నిలవలేదు. మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా ఆపేయగలదని 1911లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించారు. శిష్యులకు గురువు పనితనం అబ్బితే చాలదు, గురువు మాటను పరీక్షించే చదువూ ఉండాలి. 1909లో రూపాబాయి ఎడింబరోలో ఉన్నారు. ఇరవై ఏళ్ళు మత్తు ఇచ్చిన డాక్టరు అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చేశారు. మత్తుకంటూ ప్రత్యేక కోర్సు లేని కాలం. తాను రోజూ వాడే ఆవిరి ఎలా ప్రవర్తిస్తుందో మూలం నుంచి తెలుసుకోవాలనుకున్నారని నా నమ్మకం. పాతబస్తీ వైపు, హైకోర్టు దగ్గరి విక్టోరియా జనానా ఆసుపత్రిలో ఆవిడ మత్తు ఇచ్చారు. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు.

తలాబ్‌కట్ట నుంచి వచ్చే మా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు ఇప్పుడు సిజేరియన్లలో వెన్నుకిచ్చే మత్తు మోతాదు మీద పని మొదలుపెట్టారు. నేను ఏళ్ళుగా ఇస్తున్న మోతాదు పొట్టిగా ఉండే తల్లులకు ఎక్కువవుతోందని, బీపీ అందుకే పడిపోతోందని ఆమె అనుమానం. ప్రతిపాదన ఎథిక్స్ కమిటీకి వెళ్ళింది. ప్రధాన పరిశోధకురాలి గడిలో ఉన్నది ఆమె పేరే.