గీత ఎక్కడ గీస్తే సీటు అక్కడ

పల్నాడు జిల్లాలో ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల. ఏడూ జనరలే. మా దాచేపల్లి గురజాల కింద వస్తుంది. దళితుడు జనరల్ సీట్లో నిలబడకూడదని ఏ చట్టమూ అనదు. అనేది పార్టీల టికెట్ల జాబితా.

"మన జిల్లాలో మనవాళ్లు తక్కువా సార్?" అని పిల్లలు అడుగుతారు. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

1952, 1957 ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకే ప్రాంతం నుంచి ఇద్దరు గెలిచేవాళ్లు, అందులో ఒక సీటు రిజర్వుడు. 1961లో చట్టం చేసి వాటిని రద్దు చేశారు. అప్పటినుంచి ఏ సీటు మనది, ఏది కాదు అని ఎవరో ఒకరు గీత గీసి చెప్పాల్సి వచ్చింది. ఆ ఎవరో డీలిమిటేషన్ కమిషన్.

ఇప్పుడు మనం ఓటేస్తున్న హద్దులు జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల మీద గీసినవి. 2008లో అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సీట్లు 294 అలాగే ఉండి, ఎస్సీ సీట్లు 39 నుంచి 48 అయ్యాయి. వాటిని ముందు జిల్లాలకు ఎస్సీ జనాభాను బట్టి పంచారు. తర్వాత ఆ జిల్లాలో ఎస్సీల శాతం ఎక్కువున్న సీట్లను తీసుకున్నారు. నా దృష్టిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. లెక్క కట్టింది జిల్లాని ముద్దగా తీసుకుని.

అప్పటి గుంటూరు జిల్లాకి సీట్లు 19 నుంచి 17కి తగ్గాయి. రిజర్వుడు సీట్లు మాత్రం ఒకటి నుంచి మూడయ్యాయి: పాత తాడికొండకు తోడు ప్రత్తిపాడు, వేమూరు. వేమూరులోనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6 మారణకాండ జరిగిన పదిహేడేళ్లకు ఆ సీటు రిజర్వుడు అయింది. మూడూ గుంటూరు చుట్టుపక్కలా, డెల్టా వైపునా పడ్డాయి. మిరప, పత్తి చేలల్లో కూలికి పోయే పల్నాటి పేటల జనాభా జిల్లా కోటాని పెంచింది. కోటా మాత్రం తూర్పుకి పోయింది.

2022 ఏప్రిల్ 4న పార్లమెంటు నియోజకవర్గాల లెక్కన కొత్త జిల్లాలొచ్చాయి. నరసరావుపేట పార్లమెంటు గీతే పల్నాడు జిల్లా గీత అయింది. తాడికొండ, ప్రత్తిపాడు గుంటూరులో, వేమూరు బాపట్లలో ఉండిపోయాయి. పల్నాటి వీరచరిత్ర పాఠంలో రాజ్యం నలగాముడి గురజాల, మలిదేవుడి మాచర్ల అని చీలే ఘట్టం దగ్గర నేనెప్పుడూ కాస్త ఆగుతాను. చాపకూడు కథ చెప్పుకునే సీమకి ఒక్క రిజర్వుడు సీటు లేదు.

కోర్టుకి పోదామంటారా? ఉజ్జయిని సీటుని ఎస్సీలకు రిజర్వు చేశారని మేఘరాజ్ కొఠారీ అనే ఓటరు సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. గెజిట్‌లో వచ్చిన డీలిమిటేషన్ ఉత్తర్వు చట్టంతో సమానం, దాన్ని ప్రశ్నించడానికి లేదని 1966లో తేల్చేశారు. ఆ కేసులో అది మనకు మేలే చేసింది. అదే తలుపు మనకీ మూసుకుంటుందని మరిచిపోవద్దు. ఏం మాట్లాడినా గెజిట్‌కి ముందే మాట్లాడాలి.

రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కలు వెలువడేదాకా అసెంబ్లీ సీట్ల సంఖ్య కదలదు. విభజన చట్టంలో 175ని 225 చేస్తామన్న మాట కూడా దానికే ముడిపడి ఉంది. ఇప్పుడు రాష్ట్రంలో 175కి 29 ఎస్సీ సీట్లు, అంటే ఆరింటికి ఒకటి. ఈసారి కూడా జిల్లానే ముద్దగా తీసుకుంటే, పల్నాడుని వేరే జిల్లాగా లెక్కిస్తే, ఏడు సీట్లకు రాష్ట్ర సగటు దళిత జనాభా ఉన్నా ఒకటి రావాలి. పాత గుంటూరునే లెక్కలోకి తీసుకుంటే మళ్లీ పాత కథే.

గత కమిషన్‌కి సలహా చెప్పడానికి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు ఉన్నారు. వాళ్లకి ఓటు హక్కు లేదు, కానీ ఆ గదిలో కూర్చునేది వాళ్లే. మనకున్నది ముసాయిదా మీద అభ్యంతరాలు, బహిరంగ విచారణ. అక్కడికి ఉత్త చేతులతో పోతే నినాదాలే మిగులుతాయి. ఊరూరి ఎస్సీ జనాభా జనగణన పుస్తకాల్లో అచ్చయి ఉంది. పొందుగల నుంచి మొదలుపెట్టి గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచవరం మండలాల పట్టిక మా పిల్లలు కొందరు తయారుచేస్తున్నారు. మాచర్ల, వినుకొండ వైపు ఎవరైనా ఉంటే మీ మండలం మీరు పట్టుకోండి.