జీవో 3 ఏ దారిలో వచ్చింది?

గోండి ఇంట్లో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగు పంతులికి ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్ల దాహమై ‘ఏర్’ అంటే, వాగుకి పోతానంటోందని ఆయన అనుకోవచ్చు. ఏజెన్సీ బడికి మన మనిషే టీచరుగా రావాలని అడగడానికి ఇదొక కారణం. మైదానం నుంచి వచ్చిన టీచర్లు సరిగా బడికి రాకపోవడం ఇంకో కారణం.

షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకేనంటూ 1986 నవంబరులో జీవో 275 వచ్చింది. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2000 జనవరి 10న అదే జీవో 3గా తిరిగొచ్చి ఇరవై ఏళ్లు నిలిచింది. మనలో ఎందరి ఇళ్లలోనో మొదటి జీతం దాని పుణ్యమే. 2020 ఏప్రిల్ 22న, సభ పెట్టుకోవడానికి కూడా వీల్లేని లాక్‌డౌన్ రోజుల్లో, సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రెండు రాష్ట్రాలూ ఇకపై 50 శాతం పరిమితి దాటకూడదన్న షరతు మీద, అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను మాత్రం ఉండనిచ్చింది.

ఎందుకు పడిపోయింది? రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఐదో పేరాలో గవర్నరుకు రెండు దారులున్నాయి. ఒకటి, పార్లమెంటో శాసనసభో చేసిన ఫలానా చట్టం ఇక్కడ వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో నోటిఫికేషన్ ఇవ్వడం. రెండోది, సొంతంగా రెగ్యులేషన్ చేయడం. దీనికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. మన భూమిని కాచే 1/70 ఈ రెండో దారిలో వచ్చింది, 1988లో సుప్రీంకోర్టులోనూ నిలబడింది. జీవో 3 మొదటి దారిలో వచ్చింది. ఉన్న చట్టాన్ని మార్చే అధికారంతో కొత్త చట్టం చేయకూడదని కోర్టు అంది.

అయితే రెగ్యులేషన్ తెస్తే చాలని ధర్నాల్లో మేమూ అన్నాం. తీర్పు చదివాక అంత ధైర్యంగా అనలేకపోతున్నాం. ఐదో షెడ్యూలు అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదని కూడా అందులో ఉంది. ఏ దారిన వచ్చినా నూటికి నూరు అన్న మాట మళ్లీ కోర్టు మెట్లెక్కక తప్పదు.

మింగుడుపడని మాట ఇంకొకటుంది. 1950 జనవరి 26 నుంచి తామో తల్లిదండ్రులో అక్కడే ఉన్నవాళ్లే ‘స్థానికులు’ అన్న నిబంధన మిగతా గిరిజనులకే అన్యాయమని కోర్టు అంది. డ్యాము కింద ఊరు మునిగి ఇంకోచోటికి పోయిన మన కుటుంబాలను తలచుకుంటే, ఆ మాటను కాదనలేం.

గిరిజన పిల్లలకు గిరిజనులే చదువు చెప్పాలనడాన్నీ కోర్టు తప్పుపట్టింది. దీన్ని మాత్రం ఒప్పుకోలేం. మేమడిగేది పుట్టుక ఒక్కటే కాదు, పిల్లల మాట తెలిసిన మనిషిని. కానీ జీవో తీసి చూస్తే ‘స్థానిక గిరిజన అభ్యర్థులు’ అని ఉంది, మహిళల వాటా ఉంది. కోయ, గోండి, సవర, కువి తెలిసి ఉండాలన్న ముక్క లేదు. కొత్త ముసాయిదా సలహా మండలి ముందుకొచ్చే రోజున, సంతకాలు పడకముందే, ఆ ముక్క అందులో ఉందో లేదో మనమే చూసుకోవాలి.