దండోరా గొంతు తగ్గించింది మైకేనా?

చాటింపు చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఒకే వరస చెబుతారు. మొదట రాతి శాసనం, తర్వాత దండోరా, ఆపైన పత్రిక, మైకు, ఇప్పుడు వాట్సాప్. కొత్తది రాగానే పాతది మూలపడిందంటారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని సోమల, పుంగనూరు, కుప్పం వైపు పాలన నడిచిన తీరు చూస్తే ఈ లెక్క కుదరదు. మైకు రాకముందే దండోరా బలం తగ్గింది. తగ్గించింది చట్టం.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 575 ప్రాంతపు కలమళ్ల శాసనంతో రేనాటి చోళులు తెలుగును రాతికెక్కించారు. సుల్తానుల, నవాబుల ఏలుబడిలో ఫర్మానా, తాఖీదు, హుకుం వచ్చాయి. వీటన్నిటినీ చాటింపుతో ఒకే గాట కట్టేస్తారు గానీ, తాఖీదు పై అధికారి కింది ఉద్యోగికి పంపేది. ఊరంతటికీ వినబడేలా చెప్పేది చాటింపే.

అసలు మలుపు కుంఫిణీ కాలానిది. 1800లో మదనపల్లె సీమ కడపతో పాటు కుంఫిణీ చేతికి వచ్చింది. పుంగనూరు, కుప్పం వైపు కంగుంది జమీన్లు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. ఇవన్నీ చిత్తూరు జిల్లాగా ఒకచోట చేరింది 1911లో. అప్పటిదాకా పాలన వేరువేరైనా మద్రాసు నుంచి 1832లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ మాత్రం అందరికీ ఒకటే. 1894 భూసేకరణ చట్టం ప్రకారం ముందు గెజిట్‌లో నోటిఫికేషన్ వేయాల్సి ఉండేది, దాని సారాంశాన్ని ఆ ప్రాంతంలో తెలపాల్సి ఉండేది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ స్థిరాస్తి జప్తును డప్పు కొట్టించి గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటాలంది. అంటే చట్టం డప్పును పేరుపెట్టి మరీ నిలిపింది. కానీ పని మార్చింది. నిర్ణయం కాగితం మీద ముందే అయిపోతుంది. డప్పు మోగిందని కోర్టు అమీను రాసే రిపోర్టు ఫైలులో చేరితే చాలు. ఊరు విన్నదా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ మాటకు హద్దులున్నాయి. 1966లో ఖూబ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు, స్థానికంగా తెలపనిదే భూసేకరణ చెల్లదంది. చదువు లేని ఊళ్లలో డప్పు తప్ప వేరే దారీ ఉండేది కాదు. అయినా పెద్ద నిర్ణయాలు గెజిట్‌లోనే పుట్టాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీన్లు పోయింది కూడా గెజిట్‌లో ప్రకటించిన తేదీ నుంచే.

డప్పు పట్టిన మనిషిని మాత్రం ఈ చరిత్రలు చాలావరకు మరిచిపోయాయి. మాల, మాదిగ కులాల గ్రామ సేవకులు వెట్టిగానో, నామమాత్రపు మాన్యానికో ఆ పని చేశారు. అధికారం మునసబుది, గొంతు వీళ్లది. 1984లో ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. పదేళ్లకు, 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఎస్సీ వర్గీకరణ కోరుతూ మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో పుట్టిన ఉద్యమం మాదిగ దండోరాగా పేరుకెక్కింది. ఒకప్పుడు సర్కారు మాట మోసిన డప్పు సర్కారునే నిలదీసింది. మన ప్రకటనల చరిత్రలో నేను మైకు కన్నా దీన్నే పెద్ద సంఘటనగా లెక్కిస్తాను.

1966లో తెలుగు అధికార భాష అయినా జనం నోట ఉన్నవి జీవో, నోటిఫికేషన్ అన్న మాటలే. అందులో నాకు పెద్ద పేచీ లేదు. చాటింపు ఎవరో ఒకరు వేయాలి. నోటిఫికేషన్ దానంతటదే పడుతుంది, ఎవరు వేశారో అడిగేవాళ్లుండరు. ఈ తేడాతోనే నా పేచీ. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ప్రజల వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసింది. మళ్లీ పెట్టడం మొదలైంది 2024 ఆగస్టులో. మధ్య మూడేళ్లూ ఉత్తర్వుల జారీ మాత్రం ఆగలేదు.

ఆ మూడేళ్ల మధ్యలోనే, 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. ఈసారి కబురు అందలేదనడానికి లేదు. జిల్లా కేంద్రం తమకే కావాలని మదనపల్లె వీధికెక్కింది. ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా మొదలైంది, రాయచోటి కేంద్రంగానే.