హైదరాబాదు హాకీ జట్లు - వేతన పరిమితి: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడంతో బేగంపేట నుంచి సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. నగర విస్తరణను వివరించే సందర్భంలో ఈ తేదీని ప్రస్తావించడం పరిపాటి. హాకీ చరిత్రను చదివేవారికి అదే తేదీ మరొక విషయాన్ని గుర్తుచేస్తుంది. బేగంపేట నుంచి దశాబ్దాలపాటు విమానాలు నడిపిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ దేశంలోని బలమైన హాకీ జట్లలో ఒకదానిని పోషించిన సంస్థ. 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోనూ భారత జట్టుకు ఆడిన హైదరాబాదీ నందనూరి ముకేశ్ కుమార్ ఆ సంస్థ ఉద్యోగి. ఆయన తరం ఆటగాళ్ల జీతాన్ని నిర్ణయించింది వేలంపాట కాదు, ప్రభుత్వరంగ సంస్థల వేతన శ్రేణి. ఆ జీతం పెద్దది కాకపోవచ్చు. కాని మోకాలికి దెబ్బ తగిలి ఆట ఆగిపోయినా ఒకటో తేదీన అది చేతికి అందేది.

లీగుల కాలంలో ఆటగాడి ఆదాయానికి పైకప్పు ఏర్పడింది. ఒక జట్టు తన ఆటగాళ్లందరి మీద కలిపి ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తాన్ని 'వేతన పరిమితి' అంటారు. వేలం వార్తల్లో దీనినే 'పర్స్' అని రాస్తున్నారు. ఈ పరిమితి తగ్గినప్పుడు ఆ భారం జట్టులో ఎవరి మీద పడుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. మన దేశపు హాకీ లీగులో పరిమితి తగ్గిందని ఎవరూ ఎన్నడూ ప్రకటించలేదు. అయినా అది తగ్గింది. ఎలా తగ్గిందో చూడాలంటే ముందు ఆ తగ్గుదల బహిరంగంగా జరిగిన చోటికి వెళ్లాలి.

ప్రకటించి తగ్గించిన పరిమితి

ఉత్తర అమెరికా ఐస్ హాకీ సంస్థ అయిన నేషనల్ హాకీ లీగులో 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. యజమానులు వేతన పరిమితి కావాలన్నారు, ఆటగాళ్ల సంఘం వద్దన్నది. చివరకు 2005-06లో జట్టుకు 3 కోట్ల 90 లక్షల డాలర్ల పరిమితి వచ్చింది. అప్పటికే ఉన్న ఒప్పందాల జీతాల్లో 24 శాతం కోత కూడా పడింది. తరువాతి సంవత్సరాల్లో లీగు ఆదాయంతోపాటు పరిమితి పెరుగుతూ పోయింది. 2012లో మళ్లీ లాకౌట్ జరిగింది. ఆదాయంలో ఆటగాళ్ల వాటా 57 శాతం నుంచి 50 శాతానికి దిగింది. 2013-14 సీజనుకు పరిమితి 7 కోట్ల 2 లక్షల డాలర్ల నుంచి 6 కోట్ల 43 లక్షలకు పడిపోయింది. అంటే సుమారు 8 శాతం తగ్గుదల.

ఈ తగ్గుదలను తట్టుకోవడానికి ఒక్కొక్క జట్టు ఇద్దరేసి ఆటగాళ్ల ఒప్పందాలను పరిహారం చెల్లించి రద్దు చేసుకోవచ్చునని, ఆ పరిహారాన్ని పరిమితి లెక్కలో కలపనక్కరలేదని ఒప్పందంలో రాసుకున్నారు. సాధారణంగా మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు ఆటగాడికి దక్కాలి, అదీ మిగిలిన కాలానికి రెట్టింపు కాలంలో. టాంపా బే జట్టు తన దీర్ఘకాల కెప్టెన్ విన్సెంట్ లెకవలియేను 2013లో ఈ వెసులుబాటు కిందనే వదులుకుంది. ఇది కఠినమైన వ్యవహారమే. కాని నష్టం ఎంత, ఎవరికి, ఎన్నేళ్లపాటు అన్నది కాగితం మీద ఉంది. దాని మీద సంతకం చేసినవారిలో ఆటగాళ్ల సంఘం కూడా ఉంది. 2020లో కోవిడ్ వల్ల ఆదాయం పడిపోయినప్పుడు పరిమితిని 8 కోట్ల 15 లక్షల డాలర్ల దగ్గర స్తంభింపజేసిందీ ఉభయపక్షాల ఒప్పందమే.

అలాంటి కాలంలో అక్కడి జట్లు అనుసరించే పద్ధతి గమనించదగినది. ప్రధాన ఆటగాళ్లను వదులుకోవు. కొత్తగా వచ్చిన, తక్కువ జీతపు కుర్రవాళ్లను చివరి స్థానాల్లో నింపుతాయి. ముప్పై దాటిన, మధ్యస్థాయి జీతం తీసుకునే ఆటగాడు ఈ రెండింటి మధ్య నలుగుతాడు.

సుల్తాన్స్ నుంచి తూఫాన్స్ వరకు

హైదరాబాదుకు తొలి హాకీ లీగు జట్టు 2005లో వచ్చింది. భారత హాకీ సమాఖ్య, ఇఎస్‌పిఎన్ స్టార్ స్పోర్ట్స్ కలిసి నడిపిన ప్రీమియర్ హాకీ లీగు తొలి సీజన్ గచ్చిబౌలి మైదానంలోనే జరిగింది. విజేత హైదరాబాద్ సుల్తాన్స్. 2008లో భారత జట్టు బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లంచం ఆరోపణల నేపథ్యంలో భారత ఒలింపిక్ సంఘం హాకీ సమాఖ్యను సస్పెండ్ చేసింది. లీగు కూడా ఆ ఏడాదితో ముగిసింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ అంతకు ముందే, 2007లో, ఎయిరిండియాలో విలీనమైంది. హైదరాబాదు హాకీకి లీగు అనే కొత్త దారి, ఉద్యోగమనే పాత దారి ఏడాది వ్యవధిలో ఇలా సన్నబడ్డాయి.

హాకీ ఇండియా లీగు 2013 జనవరిలో మొదలైనప్పుడు అందులో హైదరాబాదు లేదు. 2012 డిసెంబరు వేలంలో ఒక్కొక్క జట్టుకు 6 లక్షల 50 వేల డాలర్ల పరిమితి ఉండేది. డాలరు విలువ అప్పట్లో సుమారు 54 రూపాయలు కనుక అది మూడున్నర కోట్లకు సమానం. 2017 తరువాత ఆ లీగు ఆగిపోయింది. ఏడేళ్లకు, 2024 అక్టోబరు వేలంతో తిరిగి వచ్చింది. ఈసారి హైదరాబాద్ తూఫాన్స్ ఉంది, విశాఖపట్నం పేర టీమ్ గోనాసిక కూడా ఉంది. పురుషుల జట్టుకు పరిమితి రూ. 4 కోట్లు.

మూడున్నర కోట్లు నాలుగు కోట్లయ్యాయి కదా, ఇందులో తగ్గుదల ఎక్కడ అని అడగవచ్చు. 2024 అక్టోబరులో డాలరు 84 రూపాయలు. నాలుగు కోట్లంటే 4 లక్షల 76 వేల డాలర్లు. విదేశీ ఆటగాడి దృష్టిలో పరిమితి 27 శాతం పడిపోయింది. స్వదేశీ ఆటగాడు డాలర్లలో బతకడు. అయితే 2012ను 100గా తీసుకున్న వినియోగదారుల ధరల సూచీ 2024 చివరకు 190 దాటింది. పాత మూడున్నర కోట్ల కొనుగోలు శక్తి నిలబడాలంటే కొత్త పరిమితి ఆరున్నర కోట్ల దరిదాపుల్లో ఉండాలి. ఉన్నది నాలుగు. వాస్తవ విలువలో తగ్గుదల సుమారు 40 శాతం. నేషనల్ హాకీ లీగులో 8 శాతం తగ్గుదలకు ముందు ఒక లాకౌట్ జరిగింది. ఇక్కడ దానికి ఐదు రెట్ల తగ్గుదల పెంపు రూపంలో వచ్చింది. మధ్యలో లీగు ఏడేళ్లు లేదు, ఆదాయం కొత్తగా వెతుక్కోవలసిన స్థితి, కాబట్టి యజమానులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కాని పాత పరిమితికీ కొత్త పరిమితికీ మధ్య బేరమాడే ఆటగాళ్ల సంఘమంటూ ఇక్కడ ఏదీ లేకపోవడం కూడా ఈ చరిత్రలో భాగమే.

తగ్గిన సొమ్ము పంపిణీ అయిన తీరు మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. 2012 వేలంలో అత్యధిక ధర పలికిన సర్దార్ సింగ్‌కు 78 వేల డాలర్లు, అంటే జట్టు పరిమితిలో 12 శాతం. 2024లో అత్యధిక ధర హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షల రూపాయలు, పరిమితిలో 19.5 శాతం. రెండు సార్లూ జట్టులో 24 మంది. (ఒక్క ఆటగాడి జీతం పరిమితిలో 20 శాతం మించరాదని నేషనల్ హాకీ లీగు ఒప్పందంలో 2005 నుంచి ఉంది. మన లీగు యాదృచ్ఛికంగానే ఆ గీత దాకా వచ్చి ఆగినట్లుంది.) మిగిలిన ఇరవైముగ్గురికి 2012లో 88 శాతం మిగలగా, 2024లో ఎనభై శాతం మిగిలింది. మొత్తం కుదించుకుపోయింది, అందులో వారి వాటా కూడా తగ్గింది.

తూఫాన్స్ లెక్క చూద్దాం. 2016లో అర్జెంటీనాకు, 2023లో జర్మనీకి ప్రపంచస్థాయి స్వర్ణాలు సాధించిపెట్టిన జట్లలో ఆడిన గొంజాలో పెయ్యాత్‌ను రూ. 68 లక్షలకు, సుమిత్‌ను రూ. 46 లక్షలకు తీసుకున్నారు. ఇద్దరికే కోటి 14 లక్షలు. పరిమితి పూర్తిగా వాడినా మిగిలిన 22 మందికి సగటున దక్కేది 13 లక్షలు. జట్టులో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్న నిబంధన ఉంది, వేలంలో అతి తక్కువ ప్రారంభ ధర 2 లక్షలు. అమెరికా జట్లు వ్యూహంగా చేసే పని ఇక్కడ నిబంధనే చేయించింది. జూనియర్‌కు అవకాశం దొరకడం మంచిదే, కాని ఆ అవకాశానికి చోటిచ్చింది చాలావరకు మధ్యస్థాయి ఆటగాడి జీతమే.

విదేశీ తార కూడా పూర్తిగా తప్పించుకోలేదు. 2015 వేలంలో మోరిట్స్ ఫుర్‌స్టెను కళింగ లాన్సర్స్ లక్షా 5 వేల డాలర్లకు కొన్నది. అప్పటి మారకంలో అది సుమారు 69 లక్షలు. తొమ్మిదేళ్ల తరువాత పెయ్యాత్‌కు 68 లక్షలు వచ్చాయి, డాలర్లలో 81 వేలు.

పక్క మైదానాల సాక్ష్యం

ఇదే నగరంలో క్రికెట్ పరిమితి ఎదురు దిశలో నడిచింది. 2008లో ఐపీఎల్ జట్టు పరిమితి 50 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 20 కోట్లు. 2025 సీజనుకు అది 120 కోట్లు. డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆండ్రూ సైమండ్స్ ఒక్కడికే 13 లక్షల 50 వేల డాలర్లు, అంటే పరిమితిలో 27 శాతం వెచ్చించి ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది ఆ జట్టే టైటిల్ గెలిచింది కనుక దీనినుంచి సూత్రం లాగబోవడం తొందరపాటు. తెలుగు టైటాన్స్ 2023లో 5 కోట్ల పరిమితిలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పవన్ సెహ్రావత్‌కు పెట్టి చివరి స్థానంలో ముగిసింది. సగం సొమ్ము ఒక్క రెయిడర్ మీద పెడితే మిగతా సగంతో డిఫెన్స్ కట్టడం ఎంత కష్టమో ఆ సీజన్ చూసినవారికి తెలుసు. పరిమితి పెరుగుతున్న ఆటలో ఇటువంటి పొరపాటును ఏడాదిలో దిద్దుకోవచ్చు. కుదించుకుపోతున్న ఆటలో ఆ వెసులుబాటు తక్కువ.

లీగు వెనుక ఉన్న జీతం

ఇంత తగ్గుదలను హాకీ ఆటగాళ్లు పెద్దగా నిరసన లేకుండా ఎలా భరించారు? ఐస్ హాకీ ఆటగాడికి లీగు జీతమే జీవిక. మన హాకీ ఆటగాడికి లీగు ఐదారు వారాల పని. మిగిలిన ఏడాదిని రైల్వేలు, చమురు సంస్థలు, పోలీసు శాఖలు, సైన్యం పోషిస్తున్నాయి. లీగు యజమాని చెల్లించని భాగాన్ని ప్రజాధనం చెల్లిస్తోందని చెప్పడం అతిశయోక్తి కాదు. ఎయిరిండియా 2022 జనవరిలో టాటా గ్రూపు చేతికి వెళ్లింది. ముకేశ్ కుమార్ తరానికి బేగంపేట నుంచి నడిచిన సంస్థ ఇచ్చిన భరోసాను ఈనాటి హైదరాబాదు కుర్రవాడు ఆ తలుపు దగ్గర అడగలేడు. ఈ కారణంచేత వేతన పరిమితి చరిత్రకు వేలం పట్టికలు మాత్రమే చాలవు. క్రీడా కోటా నియామకాల ఉత్తర్వులను, ప్రభుత్వరంగ సంస్థల క్రీడా విభాగాల రికార్డులను కూడా వాటి పక్కన పెట్టి చదవాలి. సికింద్రాబాదులోని దక్షిణ మధ్య రైల్వే కేంద్రం నుంచి ఆ పని మొదలుపెట్టవచ్చు.

తూఫాన్స్ తొలి సీజన్‌లోనే ఫైనల్ చేరింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియంలో రాఢ్ బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4 తేడాతో ఓడింది. ఇరవై ఏళ్ల కిందట సుల్తాన్స్ గెలిచిన గచ్చిబౌలి మైదానంలో ఆ సీజన్ మ్యాచ్ ఒక్కటీ జరగలేదు.