తేదీ తప్పిన తిరుగుబాటు

చైనాలో చింగ్ వంశం పతనానికి దారితీసిన విప్లవానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 2011లో ‘1911’ అనే చిత్రం వచ్చింది. జాకీ చాన్ నూరవ చిత్రంగా దానికి ప్రచారం జరిగింది. జాంగ్ లీతో కలిసి దర్శకత్వ బాధ్యత పంచుకున్న చాన్, విప్లవ సేనాని హువాంగ్ షింగ్ పాత్ర ధరించాడు. తెరపై కొత్త ముఖం కనబడినప్పుడల్లా పక్కనే పేరూ హోదా ప్రత్యక్షమవుతాయి. చదివి ముగించేలోపే మరొకరు వస్తారు. ఇన్ని పేర్ల మధ్య, విప్లవాన్ని నిజంగా మొదలుపెట్టినవారు మాత్రం మనసులో నిలవరు.

చిత్రం మనసంతా 1911 ఏప్రిల్ 27 నాటి గ్వాంగ్‌జౌ దాడి మీదే ఉంది. దాని పథకం అంతకుముందు నవంబరులో పెనాంగ్‌లో రూపుదిద్దుకుంది. డబ్బు విదేశాల్లో స్థిరపడిన చైనీయులు సమకూర్చినది. నూరుమందికి పైగా యువకులతో హువాంగ్ రాజప్రతినిధి కార్యాలయంపై విరుచుకుపడ్డాడు. రావలసిన దళాలు రాలేదు, రాజప్రతినిధి తప్పించుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళు నిండని లిన్ జ్యుమిన్, గర్భవతి అయిన భార్యకు తెల్లగుడ్డ మీద వీడ్కోలు లేఖ రాసి వచ్చి, పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. హువాంగ్ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. హాంగ్‌కాంగ్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు బంధువుల సంతకం కావలసివస్తే, షూ జొంగ్‌హాన్ భార్యగా సంతకం చేసిందని, ఆ తరువాత నిజంగానే భార్య అయిందని చెబుతారు. అమరులు డెబ్బై రెండు మంది అన్నది దొరికిన శవాల లెక్క మాత్రమే. చనిపోయినవారు అంతకన్నా ఎక్కువ.

ఇంత త్యాగం చేసిన దాడి విఫలమైంది. గెలిచినది ఒక ప్రమాదం. అక్టోబరు 9న హాంకౌలోని రష్యన్ల అధీన ప్రాంతంలో రహస్యంగా తయారుచేస్తున్న బాంబు పేలింది. పోలీసులకు సభ్యుల జాబితాలు చిక్కాయి. మర్నాడు తెల్లవారుజామున ముగ్గురి తలలు తెగాయి. ఇక ఆగితే అందరికీ అదే గతి అని గ్రహించిన వుచాంగ్ సైనికులు, నాయకులెవరూ దగ్గర లేకుండానే, ఆ రాత్రి తుపాకులు ఎత్తి ఆయుధాగారాన్ని పట్టుకున్నారు. రాజప్రతినిధి నదిలోని యుద్ధనౌక ఎక్కి పారిపోయాడు. నాయకత్వానికి ఒక పెద్ద పేరు కావాలి గనుక, విప్లవంతో సంబంధం లేని సేనాధికారి లీ యువాన్‌హోంగ్‌ను బలవంతంగా అధిపతిని చేశారు.

అయితే దీన్ని కేవలం అదృష్టం అనడం తప్పు. ‘సాహిత్య సంఘం’ అనే అమాయకపు పేరుతో ఒక రహస్య సంస్థ ఆ సైన్యంలో వేలాది సిపాయిలను అప్పటికే చేర్చుకుంది. సాహిత్య సంఘాలను చూసి ప్రభుత్వాలు భయపడవలసిన సందర్భాలు చరిత్రలో అరుదు; ఇది వాటిలో ఒకటి. రైలుమార్గాల జాతీయీకరణపై సిచువాన్ భగ్గుమంటే, దాన్ని అణచడానికి వుచాంగ్ నుంచి కొన్ని పటాలాలు తరలివెళ్ళాయి. నిప్పురవ్వ పడే నాటికి ఇల్లు సగం ఖాళీగా ఉంది. ఈ ఓపికైన పని తెరకెక్కడం కష్టం. కత్తివేటుకు ఉన్న ఆకర్షణ సభ్యత్వ పుస్తకానికి ఎక్కడిది?

వార్త తెలిసేసరికి సున్ యత్‌సెన్ అమెరికాలోని డెన్వర్‌లో ఉన్నాడు. 1892లో హాంగ్‌కాంగ్‌లో వైద్యపట్టా పొందిన ఆయన, పత్రికలో తిరుగుబాటు సంగతి చదివాడు. తిన్నగా స్వదేశానికి పరుగెత్తక లండన్‌కు, పారిస్‌కు వెళ్ళాడు. చింగ్ ప్రభుత్వానికి అప్పు పుట్టకుండా చేయాలని ఆయన పట్టుదల. చిత్రం ఈ బేరసారాలకు చోటివ్వడం మెచ్చదగినది. 1912 జనవరి 1న నాన్‌జింగ్‌లో తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు కానీ, సైనికబలం చింగ్ సేనాని యువాన్ షికాయ్ చేతిలో ఉంది. చక్రవర్తిని దింపితే అధ్యక్ష పదవి నీదే అన్నది ఒప్పందం.

జోన్ చెన్ పోషించిన రాజమాత లోంగ్‌యూ కనిపించే ఘట్టాలు కొద్దివే అయినా చిత్రంలో బలమైనవి. 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ళ పుయీ తరఫున సింహాసనం వదులుకుంటున్నట్లు ప్రకటన వెలువరించినది ఆమే. ప్రతిఫలంగా ఏటా నలభై లక్షల తేల్‌ల వెండి భరణం, బిరుదు, రాజప్రాసాదంలో నివాసం దక్కాయి. మర్నాటి ఏడాదే ఆమె కన్నుమూసింది. రాజ్యం లేని చక్రవర్తి మాత్రం 1924లో ఒక సేనాని బయటకు వెళ్ళగొట్టేదాకా ఆ గోడల మధ్యే పెరిగాడు.