మొర నుంచి ఫిర్యాదు దాకా

ఆపదలో ఉన్నవాడు సాయం కోరి వేసే కేకకు తెలుగులో అచ్చమైన పేరు మొర. దానికి కాగితం అక్కరలేదు, సాక్షి అక్కరలేదు, వినేవాడుంటే చాలు. పోతన భాగవతంలో గజేంద్రుడు పెట్టుకున్నది మొరే. అది విన్న విష్ణువు ఉన్నపళాన బయలుదేరాడు గాని, వివరాలు అడగలేదు.

ఫిర్యాదు కూడా పుట్టుకతో అటువంటి మాటే. పారశీకంలో ‘ఫర్యాద్’ అంటే ఆక్రందన. పారశీకం రాజభాషగా చెల్లిన కచేరీల మీదుగా తెలుగులో స్థిరపడేసరికి ఆ కేక రాతలోకి దిగింది. దానికి తేదీ, సంతకం, ముద్ర వచ్చి చేరాయి.

ఈ రెండు మాటల నడుమ దూరాన్ని 17వ శతాబ్దంలోనే అనుభవించినవాడు కంచర్ల గోపన్న. ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడన్న అభియోగంపై తానీషా ఆయనను గోల్కొండ చెరలో పెట్టాడు. ఫిర్యాదు వినవలసిన దర్బారే శిక్ష వేసినప్పుడు మనిషికి మిగిలేది మొర ఒక్కటే. రామదాసు కీర్తనల్లో మనం వింటున్నది దానినే.

రాజు దయతో నిమిత్తం లేకుండా మొర వినిపించుకునే హక్కును రాజ్యాంగం 32వ అధికరణంలో పౌరుడికి ఇచ్చింది. అంబేడ్కర్ దానిని రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు. ఆ మాట నిలిచిందో లేదో చూడాలంటే ఢిల్లీ కంటే భద్రాచలానికి ఉత్తరాన, సరిహద్దు అవతల సుక్మా జిల్లాలో ఉన్న కిష్టారం వైపు చూడడం మేలు.

అక్కడి ఆదివాసీ ఇంట్లో మాట్లాడేది కోయ భాష. సరిహద్దు ఇవతలి సంతలో తెలుగు. ఠాణాలో రాసుకునేది హిందీ. అతని మొర ఫిర్యాదు కావాలంటే ముందు భాష దాటాలి, ఆపైన భయం దాటాలి. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత వేలమంది ఏ ఠాణా మెట్లూ ఎక్కకుండా అడవి దాటి ఖమ్మం జిల్లాకు వచ్చేశారు. ఆ నడకే వాళ్ల ఫిర్యాదు.

కోంటా ప్రాంత సీపీఐ నేత కర్తం జోగా మాత్రం 2007లో సుప్రీంకోర్టు గడప తొక్కారు. 2010లో ఆయననే అరెస్టు చేశారు. ఫిర్యాది నిందితుడయ్యాడు. 2013లో నిర్దోషిగా బయటికి వచ్చారు. ఈలోగా, నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఈఏఎస్ శర్మ వేసిన పిటిషన్‌పై 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం, ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి మావోయిస్టులపైకి పంపడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మొర వినబడింది, నాలుగేళ్లకు.

2018 మార్చి 13న ఇదే కిష్టారం దగ్గర మావోయిస్టుల మందుపాతర 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను బలిగొంది. ఆ ఇళ్లలో లేచిన ఏడుపు కూడా మొరే. దానిని వేరే లెక్కలో రాసేవారికి ఈ మాట అర్థం తెలియదనుకోవాలి.

ఠాణాలూ శిబిరాలూ ఎన్ని పెరిగాయన్నది ప్రభుత్వాలు ఎప్పుడూ చెబుతూనే ఉంటాయి. కోయ భాషలో చెప్పిన గోడును కోయ భాషలోనే విని రాసుకునే మనిషి వాటిలో ఎందరున్నారన్నది అడగవలసిన ప్రశ్న. అది తేలేదాకా కిష్టారంలో ఫిర్యాదు లేదంటే బాధ లేదని కాదు.